పై మూడు మెట్లు

కొండపైన, గేటు పక్క గది
మే 9

ఆడపడుచుకి, వదిన రాసేది.

చేరాం. రెండు రోజులు తలనొప్పితో మంచం దిగలేదు. మూడో రోజు లేచి నాలుగడుగులు వేస్తే చాలు, ఫర్లాంగు పరిగెత్తినట్టు ఆయాసం. ఇక్కడ గాలిని కూడా కొలిచి ఇస్తున్నట్టుంది. మీ అన్నయ్యకి మాత్రం చీమ కుట్టినట్టయినా లేదు. వచ్చిన పూటే పొలమంతా ఎక్కి దిగి వచ్చి, "ఈ ఎండ చూశావా, కింద ఎక్కడా ఇంత సూటిగా పడదు" అని మురిసిపోయారు.

ఫోను ఇక్కడ పలకదు. వారానికి ఒక్కరోజు, గురువారమే జీపు తిరుగుతుంది. ఉత్తరాలు తెచ్చేదీ తీసుకెళ్ళేదీ అదే. కాబట్టి చిన్నప్పటిలా కాగితం మీద మాట్లాడుకోవాలి మనం.

కొండని మెట్లు మెట్లుగా చెక్కారు. మొత్తం నలభై మెట్లు. పై మూడూ మనవి, కిందవన్నీ ఇరవై రెండు కుటుంబాలవి. నిరుటిదాకా అందరూ బంగాళాదుంప వేశారు. మీ అన్నయ్య శీతాకాలమంతా గడప గడపకీ తిరిగి వాళ్ళని ఈ పంటకి ఒప్పించారు. విత్తనాల శాఖలో పదిహేనేళ్ళ ఉద్యోగం వదులుకుని వచ్చిన మనిషి చెబితే ఎవరు నమ్మరు? లైసెన్స్ మా ఇద్దరి పేరు మీదా ఉంది. వాళ్ళంతా దాని కిందికే వస్తారు.

చుట్టూ కంచె, గేటుకి కెమెరా, ప్రతి మొక్కకీ మెడలో నంబరు చీటీ. షరతు ఒక్కటే. మొక్కలో మత్తు శాతం ప్రభుత్వం గీసిన గీత దాటకూడదు. దాటితే అధికారుల ఎదుట తగలబెట్టాలి. కోసిన పువ్వంతా ఒకే షెడ్డులో ఆరబెడతారు గనక, ఒకరి పంట దాటిందంటే అందరిదీ పోయినట్టే.

అత్తయ్య అడిగితే మందు మొక్కలని చెప్పు. అబద్ధమేం కాదు, మూర్ఛ వచ్చే పిల్లలకి వేసే చుక్కల మందు ఈ పువ్వు నుంచే తీస్తారు. గంజాయి అన్న మాట మాత్రం ఆవిడ చెవిన వేయకు. నా ప్రాణానికి ఇక్కడి ఆయాసం చాలు.

మీ వదిన


పట్నం, పరీక్షశాల క్వార్టర్స్
మే 20

వదినకి,

అమ్మకి మందు మొక్కలనే చెప్పాను. "దగ్గుకా, నొప్పులకా?" అంది. మూర్ఛకి అన్నాను. "మోకాళ్ళకి కూడా పనికొస్తుందేమో, కాస్త పంపమను" అంది. నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పోయాను.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మీ ప్రాంతం నమూనాలన్నీ మా పరీక్షశాలకే వస్తాయి. మా అన్నయ్య ఆ పంట వేస్తున్నాడని పెద్దాయనకి చెప్పాను. మా విభాగానికి ఆయనే అధిపతి. రిజిస్టర్‌లో రాసుకున్నారు. నమూనాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి కాబట్టి ఇబ్బంది లేదన్నారు. అయినా పంట ఫలితాల గురించి మీరు నన్నేమీ అడగొద్దు, నేనేమీ చెప్పను. మిగతా ప్రపంచం గురించి ఎంతైనా రాయి.

అన్నయ్యని కనిపెట్టుకుని ఉండు. వాడికి ఓడిపోవడం చేతకాదు. చిన్నప్పుడు క్యారమ్స్ ఆడుతుంటే నేనటు తిరగ్గానే వేలితో కాయిన్ జరిపేవాడు. అడిగితే "గాలికి జరిగింది" అనేవాడు. కిటికీలన్నీ మూసే ఉండేవి.

నీ ఆడపడుచు


కొండపైన
జూలై 18

ఆడపడుచుకి,

రెండు నెలలు రాయనందుకు తిట్టుకుంటున్నావేమో. మొక్కలు నడుము దాటాయి. రోజూ పొద్దున్నే ఒక్కో మెట్టూ తిరిగి నంబరు చీటీలు లెక్కపెట్టడం నా పని. ఒక్క చీటీ గాలికి ఊడినా ఆ మొక్క ఎవరో పట్టుకెళ్ళినట్టు లెక్కట. నిన్న ఒకటి తగ్గింది. గంటన్నర వెతికాను. చివరికి మన మూడో మెట్టు గోడకింద రాళ్ళ సందులో దొరికింది.

కింద మెట్లకి ఎదురుకొండ అడ్డం, అక్కడ ఎండ పడేసరికి బారెడు పొద్దెక్కుతుంది. మన మూడు మెట్లకీ ఏ అడ్డూ లేదు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా మాడుపగిలే ఎండ, ఆపైన చలి. మన మొక్కలు కిందవాటిలా లేవు. ఆకుల అంచులు వంకాయ రంగు తిరిగాయి. పువ్వు ముట్టుకుంటే వేళ్ళకి జిగురు అంటుకుని సబ్బుకి కూడా వదలడం లేదు. వాసన గేటుదాకా వస్తోంది. కాపలా ఆయన నిన్న ముక్కుకి తువ్వాలు కట్టుకుని, "అమ్మా, పైవాటి సంగతేదో తేడాగా ఉంది" అన్నాడు.

మీ అన్నయ్యతో అంటే, "జిగురులోనే కదా మందుండేది, సంతోషించు" అన్నారు. సంతోషిద్దామనే చూస్తున్నాను, కుదరడం లేదు. జిగురులో మందు ఒక్కటే ఉంటుందా? నన్నేమీ అడగొద్దన్నావు. ఇది మన పంట గురించి అడగడం కాదనుకో. లోకంలో ఎవరి పంటైనా, ఇంత ఎత్తున, ఇంత ఎండలో, ఏమవుతుంది?

మీ వదిన


పట్నం
జూలై 30

వదినకి,

నీ ప్రశ్న మూడుసార్లు చదివాను. పుస్తకంలో ఉన్నది రాస్తాను. ఎవరికైనా అంతే చెబుతాను.

ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో తీక్షణత పెరుగుతుంది. దాన్ని కాచుకోవడానికే మొక్క జిగురు పెంచుకుంటుందని కొందరంటారు. అందరూ ఒప్పుకోరు. ఒప్పుకునేది మరొకటుంది. పువ్వు ముదిరేకొద్దీ జిగురులో మందూ పెరుగుతుంది, మత్తూ పెరుగుతుంది. రెండూ కవల పిల్లలు, ఒకదాన్ని పెంచి ఇంకోదాన్ని పస్తు పెట్టడం కుదరదు. అందుకే అనుమానం ఉన్నవాళ్ళు ముందే సొంతంగా పరీక్ష చేయించుకుని, గీతకి దగ్గరగా వస్తుంటే పది రోజులు ముందు కోసేస్తారు. మందు కాస్త తగ్గుతుంది, పంట దక్కుతుంది.

ఇది అన్నయ్యకి తెలియని విషయం కాదు. పదిహేనేళ్ళు విత్తనాలతోనే బతికాడు. అందుకే భయంగా ఉంది. తెలియనివాడికైతే చెప్పొచ్చు.

అమ్మ బాగుంది. నువ్వెందుకు చిన్న ఉత్తరాలు రాస్తున్నావని అడిగింది.

నీ ఆడపడుచు


కొండపైన
ఆగస్టు 22

ఆడపడుచుకి,

ఇది నీకు రాయవచ్చో లేదో తెలియదు. రాయకుండా మాత్రం ఉండలేను. ఇక్కడ నాకు చెప్పుకోవడానికి గోడలు తప్ప ఎవరూ లేరు.

నీ ఉత్తరం ఆయనకి చూపించాను. చదివి మడిచి, "దాని పుస్తకాలన్నీ కింద కూర్చుని రాసినవి" అన్నారు. ముందే కోద్దామంటే వినలేదు. పువ్వు కొనే మందుల కంపెనీ వాళ్ళు మొదటి పంటలోనే మందు నూనె తక్కువుందంటే మళ్ళీ మన మొహం చూడరని ఆయన బెంగ.

మొన్న ఇన్‌స్పెక్టర్ వచ్చాడు నమూనాలకి. యాభై దాటిన మనిషి, బొద్దుగా ఉన్నాడు. గేటు దగ్గరే ఆయాసం మొదలైంది. కింది నుంచి పదో మెట్టు దగ్గర మోకాళ్ళు పట్టుకుని నిలబడిపోయాడు. మీ అన్నయ్య ఆయన్ని గోడ మీద కూర్చోబెట్టారు. నాతో ఫ్లాస్కులో టీ తెప్పించారు. ఆయన సగం టీ తాగి, "పైన ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని అడిగాడు.

"అన్నీ ఒకే విత్తనం సార్. ఎక్కడ తీసుకున్నా ఒకటే" అన్నారు మీ అన్నయ్య.

ఇన్‌స్పెక్టర్ నా వైపు చూశాడు. ఊరికే చూశాడో, ఏమైనా అడగబోయాడో. నేను కప్పులో ఇంకాస్త టీ పోశాను. నేను చేసింది అంతే.

నమూనాలన్నీ ఎనిమిది, తొమ్మిది, పది మెట్ల నుంచి తీసుకున్నాడు. ఎండ ఆలస్యంగా పడే చోటు. కాగితంలో మాత్రం నలభై మెట్లకీ కలిపి అని రాసుకుని, సంతకం పెట్టించుకుని దిగిపోయాడు. గేటు మూసి వచ్చి మీ అన్నయ్య, "నేను అబద్ధం ఏమైనా ఆడానా?" అని అడిగారు. లేదన్నాను. మాటల్లో అబద్ధం లేదు మరి.

షెడ్డు శుభ్రం చేస్తున్నారు. నెలలోపు కోత. మన మూడు మెట్ల పువ్వూ వాళ్ళందరి పువ్వులో కలుస్తుంది. కింద మెట్టులో ఉండే అవ్వ రోజూ నన్ను ఆపి, "మీ ఆయన మాట మీద వేశామమ్మా" అంటుంది. మామూలుగానే అంటుంది. నాకే వేరేలా వినిపిస్తోంది.

మీ వదిన


పట్నం
ఆగస్టు 29

వదినకి,

నువ్వు నాకేం పంపావో నీకు తెలుసా? నేను ప్రభుత్వ పరీక్షశాలలో పని చేస్తున్నాను. నువ్వు రాసింది ఇద్దరు ఆడవాళ్ళు చెప్పుకునే కష్టసుఖం కాదు. దాన్ని చదివి దాచుకున్నా తప్పే.

మీ నమూనాలు వచ్చే ఉంటాయి. నంబర్లే కాబట్టి ఏవి మీవో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ తెలియకపోవడం హాయిగా ఉండేది. ఇప్పుడు బల్ల మీద సీసా పెట్టుకున్న ప్రతిసారీ ఇదేనేమో అనిపిస్తోంది. నిన్న ఒక సీసా చేయి జారి పగిలింది. పదకొండేళ్ళలో మొదటిసారి.

అన్నయ్య ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. ఇక్కడ గీత దాటకపోతే గండం గడిచిందనుకుంటున్నాడు. కంపెనీ వాళ్ళు నూనె తీసేముందు షెడ్డు మొత్తానికి మళ్ళీ పరీక్ష చేస్తారు వదినా. అప్పుడు దాటితే ఇరవై రెండు కుటుంబాల పంటా బూడిదే. ఏ మెట్టుది ఏ పువ్వో అప్పుడు ఎవరు విడదీస్తారు? ఇప్పుడైతే విడిగా ఉన్నాయి.

వాడికి మరోసారి చెప్పు. వినకపోతే నువ్వే వెళ్ళు. లైసెన్స్ మీద నీ పేరూ ఉందని నువ్వే రాశావు. రెండు జీపులు చూస్తాను. రెండో జీపులో నీ దగ్గర్నుంచి ఏదీ రాకపోతే, నీ ఉత్తరం పెద్దాయన చేతిలో పెడతాను. బెదిరింపు అనుకో, ఏమైనా అనుకో. ఇంతకంటే మర్యాదగా రాయలేను.

నీ ఆడపడుచు


కొండ కింద ఊరు, జీపుల స్టాండు
సెప్టెంబర్ 5

ఆడపడుచుకి,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. నా ఉత్తరానికి కోపం వచ్చిందో, మరేదో. వానలకి పట్నం దారిలో కొండచరియ విరిగిపడిందని ఇక్కడ చెప్పుకుంటున్నారు. ఈ ఉత్తరం కూడా ఎప్పటికి చేరుతుందో.

ఈ పొద్దున మీ అన్నయ్యతో సంతకి అని చెప్పి జీపులో దిగాను. పెళ్ళయి పద్దెనిమిదేళ్ళు, ఆయనతో ఆడిన మొదటి అబద్ధం. తిన్నగా ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకి వెళ్ళాను. బయట బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. రెండుసార్లు లేచి గేటుదాకా వెళ్ళి వచ్చాను. గుమాస్తా, "ఎవరి కోసం అమ్మా?" అంటే ఇన్‌స్పెక్టర్ గది తలుపు చూపించాను.

లోపలికి వెళ్ళి చెప్పాను. పై మూడు మెట్ల మొక్కలు వేరేలా ఉన్నాయి, వాటిని మీరు చూడలేదు, దయచేసి మళ్ళీ రండి అని.

ఆయన మొహం ఎర్రబడింది. "ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఆ రోజు టీ పోస్తూ ఉండిపోయాను సార్" అన్నాను. ఇంకేం చెప్పను?

ఆయన పెన్ను క్యాపు తీసి మళ్ళీ పెట్టాడు. ఎక్కకపోవడం ఆయన తప్పు కూడా కదా. చివరికి, "రాసి ఇవ్వండి" అన్నాడు. రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఎల్లుండి కంచరగాడిద మీద వస్తాడట.

ఇంటికి వెళ్ళగానే మీ అన్నయ్యకి చెప్పేస్తాను. ఆయన మొహం ఎలా మారుతుందో తలుచుకుంటే ఇక్కడే ఈ బెంచీ మీదే ఉండిపోవాలనిపిస్తోంది. జీపతను హారన్ కొడుతున్నాడు.

మీ వదిన


పట్నం
సెప్టెంబర్ 13

వదినకి,

రెండు జీపులూ వెళ్ళిపోయాయి. నీ ఉత్తరం లేదు. చరియ విరిగిందనీ, పెద్ద దారి మూసేశారనీ పోస్టాఫీసులో అన్నారు. మూడో వారం కూడా ఆగుదామనుకున్నాను. ఈలోగా మీ ప్రాంతంలో చలి ముందే వచ్చిందనీ, అందరూ కోతలు మొదలుపెడుతున్నారనీ విన్నాను. కోసి షెడ్డులో కలిపేస్తే ఇంక చేసేదేమీ లేదు.

ఈ పొద్దున నీ ఉత్తరం పెద్దాయనకి ఇచ్చేశాను.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు చదివారు. "వదినా ఈవిడ?" అన్నారు. అవునన్నాను. "అన్నయ్య ఒక్కడేనా నీకు?" అన్నారు. అవునన్నాను. ఉత్తరం ఫైల్లో పెట్టి, నన్ను ఆ నమూనాల బల్ల నుంచి తప్పించారు.

ఇంటికి వచ్చేసరికి అమ్మ, "అంత పాలిపోయావేం, ఏమైనా పోగొట్టుకున్నావా?" అంది. లేదన్నాను.

నువ్వు నమ్మి రాసిన కాగితం అది. నన్ను తిట్టు వదినా, తిట్టడానికైనా రాయి.

నీ ఆడపడుచు


కొండపైన
సెప్టెంబర్ 26

ఆడపడుచుకి,

దారి తెరిచారు. నీ ఉత్తరాలు రెండూ ఒకే జీపులో, ఒకే కట్టలో వచ్చాయి. నాదీ ఈపాటికి నీకు అంది ఉంటుంది. చూశావా, ఒకరికి తెలియకుండా ఒకరం ఒకే తలుపు కొట్టాం. తిట్టమన్నావు. తిట్టడానికి నాకు మొహం ఎక్కడుంది? నేను టీ పోసినదాన్ని.

ఏం జరిగిందో చెబుతాను. ఇన్‌స్పెక్టర్ అన్నట్టే వచ్చి పై మూడు మెట్ల నమూనాలు పట్టుకెళ్ళాడు. ఫలితం మొన్న తెచ్చాడు. మూడూ గీత దాటాయి. కొంచెం కాదు, రెండింతలు. కింద మెట్లన్నిటికీ విడిగా మళ్ళీ పరీక్ష చేశారు. అన్నీ గీతకి లోపలే ఉన్నాయి. ఇరవై రెండు కుటుంబాలూ నిన్న కోత మొదలుపెట్టాయి.

మనవి తగలబెట్టేటప్పుడు అందరినీ గాలికి ఎదురువైపు నిలబెట్టారు. కోసి కుప్ప వేసింది మీ అన్నయ్యే. ఎవరినీ చేయి వేయనివ్వలేదు. అగ్గిపుల్ల మూడుసార్లు ఆరిపోయింది. నాలుగోది ఇన్‌స్పెక్టర్ చేతులు అడ్డం పెట్టి పట్టుకున్నాడు. పచ్చి మొక్కలు కదా, మంట కంటే పొగే ఎక్కువ. కింది మెట్ల వాళ్ళందరూ వచ్చి నిలబడ్డారు. వెళుతూ వెళుతూ అవ్వ నా చేయి పట్టుకుంది. ఆవిడకి ఎంత తెలుసో నేను అడగలేదు.

మీ అన్నయ్య నాతో మాట్లాడి మూడు వారాలయింది. ఉప్పు కావాలన్నా గోడకి చెబుతున్నారు. నేను గోడ తరఫున అందిస్తున్నాను. నవ్వుకో, నేనూ ఒక్కోసారి నవ్వుకుంటున్నాను. వెంటనే ఏడుపొస్తోంది.

అక్టోబర్ 11న విచారణ. నమూనాలు తీసేటప్పుడు అధికారిని తప్పుదారి పట్టించారని ఆయన మీద అభియోగం. లైసెన్స్ ఉంటుందో పోతుందో ఆ రోజు తేలుతుంది. నాకు ఇప్పుడు గుబులు దాని గురించి కూడా కాదు. నా ఉత్తరం నువ్వు ఇచ్చేశావని ఆయనకి తెలియదు. ఆయన లెక్కలో చెప్పింది నేనొక్కదాన్నే. అలాగే ఉండనివ్వాలనుకున్నాను. ఆలుమగలం, ఏడాదికో రెండేళ్ళకో ఆయన కోపం తీరకపోదు. నిన్ను కూడా ఎందుకు పోగొట్టుకోవాలి ఆయన? కానీ ఆ కాగితం ఫైల్లో ఉందన్నావు. విచారణలో పదిమంది ముందు చదువుతారు. అప్పుడు వింటే ఆ మనిషి తట్టుకోలేడు.

నేను చెప్పనా, నువ్వు చెబుతావా? తొందరగా రాయి. విచారణకి ముందు రెండు జీపులే ఉన్నాయి.

మీ వదిన


పట్నం
సెప్టెంబర్ 30

అన్నయ్యకి,

ఇన్ని నెలల్లో నీకు విడిగా ఒక్క ఉత్తరం రాయలేదు. వదినకి రాస్తే నీకూ రాసినట్టే అనుకున్నాను.

ఇన్‌స్పెక్టర్‌కి టీ ఇచ్చి కూర్చోబెట్టిన సంగతి వదిన నాకు రాసింది. భయపడి, ఎవరితో చెప్పుకోవాలో తెలియక రాసింది. ఆ ఉత్తరం సెప్టెంబర్ 13న నేను మా పెద్దాయనకి ఇచ్చాను. అప్పటికే వదిన తనంతట తను వెళ్ళి చెప్పిందని నాకు తెలియదు. తెలిస్తే ఇచ్చేదాన్ని కాదేమో. అది కూడా కచ్చితంగా చెప్పలేను.

విచారణలో ఆ ఉత్తరం చదువుతారు. నన్ను పిలిస్తే నిజమేనని చెబుతాను. నువ్వు చెడ్డవాడివని మాత్రం ఎవరి ముందూ అనను, ఎందుకంటే కాదు. ఆ ఇరవై రెండు ఇళ్ళ గడపలూ తొక్కి నువ్విచ్చిన మాట నిలబడాలనే చేశాను. నీ మాట పక్కన నీ పంట పెట్టి చూసుకున్నాను, పంటే తేలికగా కనిపించింది. ఇది చెప్పడానికి నాకేం హక్కుందో తెలియదు. పోయింది నాది కాదుగా.

వదినతో మాట్లాడు. నాతో మాట్లాడకపోయినా ఫర్వాలేదని రాయబోయాను. ఫర్వా ఉంది.

అక్టోబర్ 10 జీపులో పైకి వస్తున్నాను. నువ్వు రావద్దన్నా వస్తాను. అమ్మకి అంతా చెప్పాను, గంజాయి అన్న మాటతో సహా. అంతా విని, "వాడు తింటున్నాడో లేదో కనుక్కో" అంది.

నీ చెల్లెలు


కొండపైన
అక్టోబర్ 3

చెల్లెలికి,

ఉత్తరం అందింది. జీపతను కింద నిలబడ్డాడు, తొందరగా రాస్తున్నాను.

ఇన్‌స్పెక్టర్ పైకి ఎక్కలేకపోయాడన్నది నిజం. ఎక్కమని నేను అడగలేదన్నదీ నిజం. మన మొక్కలెలా ఉన్నాయో ఆ రోజుకి నాకు తెలుసు. విచారణలో ఈ మూడూ చెబుతాను. లైసెన్స్‌లో నా పేరు తీసేసి మీ వదిన పేరు ఒక్కటే ఉంచమని అర్జీ రాశాను. ఒప్పుకుంటారో లేదో.

నీ మీద కోపం ఉంది. లేదని రాస్తే నువ్వే నమ్మవు. మీ వదినతో ఈ పూట మాట్లాడాను. ఏం మాట్లాడానో తనే చెబుతుంది.

జీపులో డ్రైవర్ పక్కన ముందు సీటు అడిగి కూర్చో. వెనక కూర్చుంటే ఆ మలుపులకి నీకు కడుపులో తిప్పుతుంది. కిందకి దిగి గేటు దగ్గర ఉంటాను. మిగతా తిట్లు అక్కడ.

అన్నయ్య